పేరునకు గట్టు

బెజవాడ నుండి ఏలూరునకు పోవు రాజమార్గమున, గన్నవరము దాటిన పిదప ఇరువైపుల వరిచేలును మామిడితోటలును వంతులు వేసికొన్నట్లు వచ్చుచుండగా, సుమారు నలువది కిలోమీటరుల దూరమున నూజివీడు దారియు గుడివాడ దారియు వచ్చి పెద్దబాటను కలిసికొనుచోట, అభయాంజనేయస్వామి కోవెలను ఆశ్రయించుకొని పెరిగిన ఊరు హనుమాన్ జంక్షన్. పేరు వినిన పరదేశి ఇచట నాలుగు రైలుమార్గములు కలియునని భ్రమపడును. కలియునవి రైలుపట్టాలు కావు, మట్టిబాటలుగా పుట్టి తారురోడ్లుగా ఎదిగిన బండిదారులే. రైలు స్టేషను లేదా యన్న, ఉన్నది. కాని మదరాసు–హౌరా మార్గముననున్న ఆ స్టేషను పలకపై వ్రాసినది హనుమాన్ జంక్షన్ అని కాదు, నూజివీడు అని. ఆ నూజివీడు పట్టణము అచటికి పదిహేను కిలోమీటరులకు పైబడిన దూరమున నున్నది. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు ఆ పట్టణము ఏలూరు జిల్లాలోనికి పోగా, దాని పేరు మోయుచున్న స్టేషను మాత్రము కృష్ణా జిల్లాలోనే నిలిచిపోయినది. పేరులో జంక్షన్ ఉన్న ఊరికి రైలు జంక్షన్ లేదు. రైలాగు ఊరికి స్టేషనులో పేరే లేదు.

అయినను ఈ ప్రాంతమువారెవ్వరును ఇందువలన దారి తప్పరు. పేరొకచోటను, ఆ పేరుగల వస్తువు వేరొకచోటను ఉన్నంతమాత్రమున మనుష్యుడు మోసపోడనియు, మోసపోవుటకు మరికొన్ని పరిస్థితులు కూడవలెననియు ఈ స్టేషను పలక నాకు నేర్పిన పాఠము. సరకుల పేర్లను గురించి, ముఖ్యముగా సీసాలలోను పాకెట్లలోను అమ్మకమునకు వచ్చు పానీయముల పేర్లను గురించి, లోకమున జరిగిన తగవులను చూచినపుడెల్ల నా మనస్సు ఈ కూడలికే మరలుచుండును.

కూడలిలో నిలిచి నలువైపుల చూచినచో హనుమాన్, ఆంజనేయ, మారుతి, అభయ అను నామములు ధరించిన దుకాణములు కంటికి తగులుచునే యుండును. మందులకొట్టు మొదలు టైర్ల అంగడి వరకు స్వామియే పోషకుడు. వీరిలో నొకడు స్వామి పేరు నా సొత్తని పొరుగువానిని ఆక్షేపించుట నేను వినలేదు. 2001లో ఒక తెలుగు చలనచిత్రము ఊరి పేరునే తన పేరుగా పెట్టుకొని వచ్చినపుడును ఊరు మురిసినదేగాని అలుగలేదు. మన సర్వోన్నత న్యాయస్థానము సైతము 2015లో, అగరువత్తులకు ‘రామాయణ్’ అను పేరును ఒక వర్తకుడు తనకే చెందినదిగా నమోదు చేయింపబూనినపుడు, పవిత్రగ్రంథనామము ఒక్కని గుత్తసొత్తు కాజాలదని తీర్పు చెప్పినది. దేవుడు ఉమ్మడి, తగవు లేదు.

దేవునివలెనే పేరు తగవులెరుగని వస్తువు మరియొకటి ఈ సీమలో చిరకాలముగా నుండెను. అది కల్లు. డెల్టా గట్లపై తాళ్లు నిలిచియున్నంత కాలము, తెల్లవారుజామున మోకు కట్టుకొని చెట్టెక్కి ముంత దించి తెచ్చినవాడే చెట్టుక్రింద నిలిచి అమ్మెను. త్రాగువాడు అతని యెదుటనే త్రాగెను. అది ఫలానావాడు గీచిన కల్లు, ఫలానా గట్టు తాటి కల్లు; అంతకుమించిన నామధేయము దానికి అక్కరలేదు. నీరు కలిపిన అమ్మకపువాని మొగము మరునాడు కనబడకపోదు. పైగా ఈ సరకు ప్రొద్దెక్కినకొలది పులియుచు, సాయంకాలమునకు మరొక వస్తువుగా మారిపోవునదగుటచే, ఏ పేరు పెట్టినను ఆ పేరు పూటకంటె నెక్కువ నిలువదు. సారా సంగతియు చాలవరకు నిట్టిదే. అబ్కారీ వేలములో దుకాణము పాడుకొన్న పాటదారుడే ఆ ప్రాంతమునకు ఏకైక విక్రేత యగుటచే, త్రాగువానికి ఎన్నుకొనుటకు రెండవ సరకు లేదు. 1980 దశకమున ప్రభుత్వమే ‘వారుణివాహిని’ యని శ్రవణసుభగమైన నామకరణము చేసి సారాను ప్లాస్టికు పొట్లములలో ఊరూర ప్రవహింపజేసినది. ఎదుట పోటీ లేని ఆ పేరును దొంగిలింపవలసిన అవసరము ఎవ్వరికిని కలుగలేదు. అదే సారాపై 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు చీపుళ్లెత్తినపుడు ఆ సుందరనామము దానిని రక్షింపలేదు; 1993లో సారాయు, 1995 జనవరిలో సమస్త మద్యమును నిషిద్ధములైనవి. సంపూర్ణ నిషేధము రెండేండ్లకు తొలగినది గాని అది వేరుకథ.

పేరు సొత్తగుట సీసాతో ప్రారంభమైనది. చేసినవాడొక ఖండమున, త్రాగువాడొక ఖండమున ఉండి, నడుమ బిరడా బిగించిన గాజుబుడ్డి తప్ప సాక్షి లేనపుడు, ఆ బుడ్డిపై అంటించిన కాగితమే చేసినవాని మొగము. ఇంగ్లండులో బర్టన్ పట్టణమున బాస్ అను కంపెనీవారి బీరు ఓడలెక్కి దేశదేశములకు పోవుచుండెను. వారి సీసాలపై నుండునది ఒక యెఱ్ఱని త్రికోణము. 1876 జనవరి 1వ తేదీన ఆ దేశమున వ్యాపారచిహ్నముల నమోదు చట్టము అమలునకు వచ్చిన దినముననే మొదటి సంఖ్యగా నమోదైనది ఆ త్రికోణమే. ముందునాటి రాత్రియెల్ల కంపెనీ గుమాస్తా ఒకడు కచేరి వాకిట పడిగాపులు కాచెనని చెప్పుదురు. నిజమో కాదో గాని, మన సినిమా టిక్కెట్ల వరుసలు చూచినవారికి ఆ గుమాస్తా పరాయివాడుగా తోచడు. ఆరేండ్లకు ఫ్రెంచి చిత్రకారుడు మానే పారిసులోని ఒక మద్యశాల దృశ్యము చిత్రించినపుడు బల్లపై సీసాలలో ఆ త్రికోణమును సైతము గీచెను. అక్షరము రానివానికిని ఆనవాలు దొరకవలెనన్నచో గురుతు అట్టిదిగా నుండవలెను.

అక్షరము రానివాడనగా మనవాడే. భారతదేశమున ట్రేడ్‌మార్కులకు ప్రత్యేకచట్టము 1940లో గాని రాలేదు. వచ్చిన పిదప దాదాపు అరువదేండ్లు మన న్యాయస్థానములు ఒక్క ప్రశ్నను పట్టుకొని తర్జనభర్జనలు పడినవి. సరకు కొనవచ్చినవాడెవ్వడు? చదువుకొన్న పెద్దమనిషియా, సంతకు వచ్చిన రైతా, కొట్టునుండి పొట్లము తెమ్మని పంపగా వచ్చిన పిల్లవాడా? ఈ ప్రశ్నకు సమాధానముగా వచ్చిన తీర్పులలో నాకు మిక్కిలి ఇష్టమైనది బీరును గురించినది కాదు, నస్యమును గురించినది.

మదరాసులో ‘శ్రీ అంబాళ్’ పేరుతో నస్యము చేయు వర్తకులుండిరి. మరియొకరు ‘శ్రీ ఆండాళ్’ పేరుతో నస్యము చేయబూనిరి. రెండు డబ్బీలపైనను దేవతల బొమ్మలు. తగవు సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయి 1969లో తేలినది. అంబాళ్ అమ్మవారు, ఆండాళ్ శ్రీవిల్లిపుత్తూరున విష్ణుచిత్తుని తులసీవనమున దొరికిన కన్య, మన గోదాదేవి. అర్థము వేరు, కథ వేరు, సంప్రదాయము వేరు, ఒకరు శైవుల ఇంటి ఇలవేల్పయిన వేరొకరు వైష్ణవుల ఇంటి ఆడుబిడ్డ. ఇరువురిని ఒకరిగా భావించుట తెలుగువానికి, అందులోను కృష్ణాతీరవాసికి, ఊహింపరాని సంగతి. ఏలయన శ్రీకృష్ణదేవరాయలు కళింగదండయాత్రకు పోవుచు మన ఘంటసాల చెంతనున్న శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు సన్నిధిని బసచేసినపుడే గదా, గోదాకల్యాణకథను తెలుగున చెప్పుమని స్వామి స్వప్నమున ఆనతిచ్చినట్లు ఆముక్తమాల్యద అవతారికయందు వ్రాసికొన్నది. అట్టి సీమనుండి చూచినచో న్యాయమూర్తులు పొరబడినట్లే తోచును. కాని వారు పురాణమును పరీక్షింపలేదు, చెవిని పరీక్షించిరి. నస్యము కొనువాడు డబ్బీ చదివి కొనడు. కొట్టువానిని నోటితో అడుగును. ‘అంబాళ్’ అనినను ‘ఆండాళ్’ అనినను బజారు రొదలో చెవికి తగులు ధ్వని ఇంచుమించుగా నొక్కటే. దేవతల భేదమెరిగినవాడు సైతము సరకుల భేదము వినలేడు. ఆండాళ్ నస్యము ఓడినది. పాండిత్యము ఓడినదనియు చెప్పవచ్చును, బజారు గెలిచినది.

అంతకు ఏడేండ్ల ముందు, 1962లో, అదే న్యాయస్థానము చెప్పిన మరియొక తీర్పు నా దృష్టిలో మరింత లోతైనది. ఇరువదవ శతాబ్దారంభమున లాహోరులో పుట్టి, దేశవిభజనానంతరము డెహ్రాడూనునకు తరలివచ్చిన ‘అమృతధార’ యను చిల్లర రుగ్మతల మందు ఒకటి. ఉత్తరప్రదేశమున 1923 నుండి అమ్ముచున్న ‘లక్ష్మణధార’ మరియొకటి. అమృతధార యనగా అమృతము యొక్క ధార. లక్ష్మణధార యనగా లక్ష్మణుని ధార. వ్యాకరణము తెలిసినవాడు సమాసములను విడదీసి రెండింటికి పొంతన లేదనును. న్యాయస్థానమో, మందు కొనవచ్చు పల్లెటూరివాడు సమాసము విడదీయుటకు రాడనియు, అతనిది సామాన్యమైన తెలివి, అసంపూర్ణమైన జ్ఞాపకము అనియు చెప్పి, పేర్లు రెండును భ్రమ కలిగించునంత సమీపముగా నున్నవని నిశ్చయించినది. ఇంతవరకు వింత లేదు. వింత ఇటుమీదట. లక్ష్మణధారవారు ఏండ్ల తరబడి బహిరంగముగా అమ్ముకొనుచుండగా అమృతధారవారు ఎరిగియు ఊరకుండిరి కావున, లక్ష్మణధారను నమోదు చేయవచ్చును గాని అది ఉత్తరప్రదేశమున అమ్ముకొనుటకు మాత్రమే యని రిజిస్ట్రారు విధించిన హద్దును న్యాయస్థానము నిలబెట్టినది.

అనగా పేరునకు గట్టు వేసినది. మన డెల్టాలో గట్టు తగాదా తెలియని కుటుంబము లేదు. అన్నదమ్ములు వేరుపడినపుడు పొలము కొలిచి, సరిహద్దు రాయి పాతి, గట్టు పెట్టుదురు, రాత్రికి రాత్రి ఒకడు పార తీసికొని జానెడు జరుపును, తరువాత కోర్టు. ఐనను పొలమునకు గట్టు నిలుచును, ఏలయన పొలము కదలదు. పేరు కదలును. డెహ్రాడూనులోని పేరు రైలెక్కి లక్నోకు పోవును, లక్నోలోని పేరు పెండ్లివారి పెట్టెలో పాట్నాకు పోవును. గట్టు గీసిన న్యాయమూర్తులకు ఇది తెలియదని నేననను. వేరుదారి లేక గీసిరి.

ఇదే ప్రయత్నము బీరు విషయమున ఒక శతాబ్దమునకు పైగా భూగోళమంతట జరుగుచున్నది. చెకోస్లొవేకియాగా మనము చిన్ననాట చదువుకొన్న దేశమున బుద్‌వైస్ అని జర్మనులు పిలుచు పట్టణమొకటి కలదు. అచట తయారగు బీరును ఆ ఊరిపేరునుబట్టి బడ్‌వైజర్ అనుట వారికి సహజము, మనము బందరు లడ్డు అనినట్లు. 1876లో అమెరికాలో ఒక జర్మను వలసకుటుంబపు కంపెనీ ఆ పేరుతోనే బీరు అమ్మనారంభించినది. 1895లో ఆ చెక్ పట్టణమున కొత్త కర్మాగారము లేచి తానును అదే పేరు ధరించినది. ముందు వాడినవాడు అమెరికావాడు. పేరునకు జన్మభూమి చెక్ పట్టణము. 1911లోను 1939లోను ఒడంబడికలు చేసికొనిరి, మరల తగవులాడిరి. నేడు చెక్ బీరు అమెరికాలో ‘చెక్‌వార్’ అను మారుపేరుతో తిరుగును. అమెరికా బీరు ఐరోపా దేశములు పెక్కింట ‘బడ్’ అని తల మాత్రము చూపును. ఇంగ్లండులో రెండును నిండుపేర్లతో ఒకే బల్లపై నిలుచును. మన బందరు లడ్డుకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించుటచే ఆ పేరు ఏ యొక్క మిఠాయికొట్టుదియు గాక ఊరిదే ఐనది. ఆ చెక్ పట్టణమునకు 1876నాటికి అట్టి చట్టము లేకపోయెను.

ఇక ఈ కాలపు చిన్న బీరుశాలల సంగతి. అమెరికాలో 1970 దశకాంతమున నూరింటికి లోపుగా మిగిలిన బీరు కర్మాగారములు, ఇండ్లలో బీరు చేసికొనుటకు 1978లో చట్టము అనుమతించిన పిదప పెరిగి పెరిగి, ఇటీవల తొమ్మిదివేలు దాటినవి. ఒక్కొక్కటి ఏడాదికి పదిరకముల బీరులకు పది పేర్లు పెట్టినను పేర్లెచ్చట దొరకును? బీరునకు చేదు నిచ్చు హాప్స్ అను పూవు పేరుమీద ఆంగ్లమున ఎన్ని శ్లేషలు సాధ్యములో అన్నియు వాడుకొనబడినవి. మన అవధానులకు సమస్య ఇచ్చినట్లు అచటి బీరువారికి పేరే సమస్యయై కూర్చున్నది. పొరుగువాడు పెట్టిన పేరు తెలియక తానును పెట్టుట, వకీలు నోటీసు వచ్చుట, సీసాలపై కాగితములు ఒలుచుట నిత్యకృత్యములు. వీనిలో ఒక్కటి మాత్రము చెప్పదగినది. కొలరాడోలో ఏవరీ అనువారును కాలిఫోర్నియాలో రష్యన్ రివర్ అనువారును, ఒకరి సంగతి ఒకరెరుగక, తమ బీరునకు ‘సాల్వేషన్’, అనగా మోక్షము, అని పేరు పెట్టిరి. తెలిసిన పిదప కోర్టునకు పోలేదు. రెండు మోక్షములను ఒక తొట్టిలో కలిపి, 2006లో ఆ మిశ్రమమునకు ‘వ్యాజ్యము కాదు, సాహచర్యము’ అను అర్థము వచ్చు పేరు పెట్టి అమ్మిరి. గట్టు వేయవలసినచోట గట్టు తీసివేసిన ఉదంతము ఇదొక్కటే నాకు తారసపడినది.

మనదేశమున బీరు తగవులు పెద్దకంపెనీలవే. ట్యూబర్గ్ సీసా ఆకారమును హంటర్ సీసా అనుకరించినదను వివాదము 2018లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానమున అయిదుగురు న్యాయమూర్తుల ముందునకు పోయి, ఏ దావాతో ఏ దావాను జోడింపవచ్చునను ప్రక్రియాచర్చగా పరిణమించినది. 2025లో సర్వోన్నత న్యాయస్థానము ‘బ్లెండర్స్ ప్రైడ్’ విస్కీవారు ‘లండన్ ప్రైడ్’పై తెచ్చిన అప్పీలును తోసివేయుచు, ‘ప్రైడ్’ అను సామాన్యపదము ఎవరి గుత్తయు కాదనినది. గర్వము అందరిదియేనని మరొక విధముగా చెప్పవచ్చును. హైదరాబాదులో గత దశాబ్దమున వెలసిన చిన్న బీరుశాలలు తాము చేసిన బీరును తమ యావరణముననే అమ్మును. చేసిన తొట్టి అద్దము వెనుక కనబడుచుండగా త్రాగువాడు అచటనే కూర్చుండి త్రాగును. చట్టమెరుగని వాని పూర్వికుడు తాటిచెట్టు క్రింద చేసినదియు నిదియే. అందువలననే కాబోలు అచట పేర్ల తగవు ఇంకను ముదరలేదు. సీసాలోనికి ఎక్కిననాడు చూడవలెను.

ఇట నుండి మరల మన కూడలికే వచ్చెదను. ఏలయన తెలుగుదేశమున ఒకే పేరును పెక్కుమంది ధరించిన పానీయము ఏదని యడిగినచో అది మద్యము కాదు, పాలు. ఆ కథలోని ఒక పాత్ర ఈ ఊరి పొలిమేరలోనే యున్నది.

1969లో యునిసెఫ్ సాయముతో విజయవాడలో పాల ఉత్పత్తుల కర్మాగారము వెలసినది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడిపరిశ్రమాభివృద్ధి సంస్థయు, 1981లో దాని స్థానమున సహకార సమాఖ్యయు ఏర్పడి, ‘విజయ’ యను పేరు రాష్ట్రమంతట పాలకు, నేతికి, మజ్జిగకు పర్యాయపదముగా వ్యాపించినది. ఉమ్మడి కుటుంబము, ఉమ్మడి పేరు. 1995లో పరస్పర సహాయ సహకారసంఘముల చట్టము వచ్చుటతో కొన్ని జిల్లా పాలసంఘములు ప్రభుత్వపు నీడనుండి వెలికివచ్చి తమ వ్యవహారము తాము చూచుకొన నారంభించినవి. కృష్ణా జిల్లా సంఘము వానిలో నొకటి. వేరుకాపురము పెట్టినను పేరు వదలలేదు. కృష్ణావారిది విజయ, నెల్లూరువారిది విజయ, నంద్యాలవారిది విజయ. 2014లో రాష్ట్రమే రెండై, తెలంగాణ సమాఖ్య తన వాటాకు వచ్చిన పాలకేంద్రములతోపాటు తానును విజయయే అయినది. కృష్ణావారు ఇటీవల హనుమాన్ జంక్షన్ చెంత వీరవల్లిలో రాజమార్గమునకు ఆనుకొని కామధేనువు పేర పెద్ద కర్మాగారము కట్టిరి.

వీరిలో నకిలీ యెవ్వడు? ఎవ్వడును కాడు. అంబాళ్ ఆండాళ్ల తగవులో ఒకరు ముందు, ఒకరు వెనుక. బాస్ త్రికోణము విషయమున ఒకడు యజమాని, తక్కినవారు దొంగలు. ఇచట అందరును ఒక్క తల్లి బిడ్డలు. అందరి యింటను అసలు విజయయే పుట్టినది. మన ధర్మశాస్త్రకర్తలు పొలమును, పశువులను, బావినీటి వంతులను పంచుటకు విధులు చెప్పిరి. పేరు పంచుటకు చెప్పలేదు. చెప్పనక్కరలేదని వారు తలచియుందురు, ఎందుకనగా తెలుగువానికి ఇంటిపేరు ఉన్నది. దాయాదులు పదునాలుగు తరములకు విడిపోయినను ఇంటిపేరు విడిపోదు. ఎవ్వడును రెండవవానిని అది వాడుకొనవద్దనడు. ఇంటిపేరునకు తరువాత వచ్చు సొంతపేరు మనిషిని మనిషినుండి వేరుచేయును. ఇచటికి దక్షిణమున పామర్రు చెంత ఎలకుర్రులో 1867లో పుట్టి, బొంబాయిలో 1893లో అమృతాంజనము చేసి దేశమంతటి తలనొప్పికి పసుపుపచ్చని మందుబుడ్డి నిచ్చిన నాగేశ్వరరావుగారు సైతము, తన ముందు కాశీనాథునివారి ఇంటిపేరు పెట్టుకొనియే ప్రసిద్ధులైరి. ఆ యింటిపేరుగలవారు ఆయన ఒక్కరే కారు, ఐనను ఆయనను చూచి మరియొకరనుకొన్నవాడు లేడు.

తెలంగాణ సమాఖ్యవారు తమ పాకెట్టుపై ‘విజయ తెలంగాణ’ అని ముద్రించుకొనుట చూచినపుడు నాకు ఈ మాటయే స్ఫురించినది. న్యాయవాది సలహాయో, వ్యాపారవేత్త యోచనయో గాని, ఆ వరుస మన వరుస: ముందు ఇంటిపేరు, పిదప సొంతపేరు. అమృతధార తీర్పులోని గట్టుకంటె ఇది మేలైన మార్గమని నా అభిప్రాయము. గట్టు సరకును ఒకచోట కట్టివేయును. సొంతపేరు సరకుతోపాటే ప్రయాణము చేయును.

ఐతే పాలు కొనువాడు నస్యము కొనువానికంటె చదువరి యని నేననజాలను. వేకువజామున, వీధిదీపముక్రింద, కొట్టువాడు ఇంకను డబ్బాలు దింపుచుండగానే చేయి చాచి ‘రెండు విజయ’ అని యడుగును. వాని నోట ఇంటిపేరే వచ్చును. వీరవల్లినుండి బయలుదేరిన పాలబండి బెజవాడమీదుగా హైదరాబాదు దారి పట్టినచో, అచట ఆ చేతికి ఏ పాకెట్టు అందునో కొట్టువాని చిత్తము.